పొద్దున వెలగదు, మధ్యాహ్నం వెలుగుతుంది

2016 డిసెంబరు. హనుమకొండ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది.

"మావయ్యా, మానిటర్ మళ్లీ మొరాయిస్తోంది. స్విచ్ నొక్కగానే బొమ్మ వస్తుంది. రెండు సెకన్లు తిరక్కుండానే తెర నల్లబడిపోతుంది. ఏడెనిమిది సార్లు ఆపి వేస్తే గానీ నిలవట్లేదు."

"షాపులో చూపించావా అమ్మా?"

"రెండుసార్లు తీసుకెళ్లాను. రెండుసార్లూ బాగానే ఉందన్నారు. నాలుగు గంటలు వేసి ఉంచినా ఒక్కసారీ ఆరిపోలేదట. నేనే ఏదో తప్పు చేస్తున్నానని వాళ్ల అనుమానం."

అది 2009లో కొన్న 19 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్. ఆమె పరీక్షలకు చదువుకునేది దాని ముందు కూర్చునే. తెల్లవారుజామున లేచి స్విచ్ వేస్తే మొరాయిస్తుంది, మధ్యాహ్నం షాపు బల్ల మీద బుద్ధిగా వెలుగుతుంది. ఆమె అబద్ధం చెప్పలేదు, మెకానిక్కూ చెప్పలేదు. ఇద్దరూ చూసింది నిజమే. ఒకే వస్తువును రెండు వేర్వేరు వేళల్లో చూశారు, అంతే.

అప్పుడప్పుడూ వచ్చిపోయే ఇలాంటి కంప్లెయింటంటే మెకానిక్కులకు తలనొప్పి. ఎదురుగా లేని రోగాన్ని పట్టుకునేదెలా? విమానాల మరమ్మతు కేంద్రాల్లో కూడా ఈ బాధ ఉంది. గాలిలో ఉండగా తప్పు చూపిన పరికరాన్ని విప్పి బల్ల మీద పెడితే అన్ని పరీక్షలూ నెగ్గుతుంది. ఆకాశంలోని చలీ, అదురూ ఆ బల్ల మీద ఉండవు కదా.

అయినా నా అనుభవంలో, వచ్చిపోయే లోపమే మనకు ఎక్కువ సాయం చేస్తుంది. పూర్తిగా చచ్చిన మానిటర్ ఒకే మాట చెబుతుంది: పోయాను అని. వచ్చిపోయే మానిటర్ రెండు స్థితులనూ మన ముందు పెడుతుంది. అదే బోర్డు, అవే భాగాలు. ఒక గంటలో పని చేస్తాయి, ఇంకో గంటలో చేయవు. ఆ రెండు గంటల మధ్య మారినది ఏదో కనుక్కుంటే లోపం దాక్కున్న చోటికి దారి దొరుకుతుంది. అందుకే ఇలాంటి చోట "ఎక్కడ?" అని అడగడానికి ముందు "ఎప్పుడు?" అని అడగాలి.

వైద్యంలో ఈ ప్రశ్న ఎంత పని చేసిందో చలిజ్వరం చరిత్ర చెబుతుంది. కొందరికి రోజు విడిచి రోజు, మరికొందరికి రెండు రోజులు విడిచి జ్వరం వస్తుందని వైద్యులకు పూర్వం నుంచీ తెలుసు. 1880ల నడుమ ఇటలీలో కమీలో గాల్జీ రోగుల నెత్తురును వేళ వెంట వేళ సూక్ష్మదర్శినిలో చూశాడు. నెత్తురు కణాల్లో పెరిగిన పరాన్నజీవులు ఒక్కసారిగా చీల్చుకుని బయటపడే వేళా, వణుకు మొదలయ్యే వేళా ఒక్కటేనని తేల్చాడు. ఒక రకానికి ఆ చక్రం 48 గంటలు, ఇంకో రకానికి 72. జ్వరం వచ్చిపోయే లెక్కలోనే దాని కారణం ఉంది.

నోటు పుస్తకం

మా మేనకోడలికి ఒక పని చెప్పాను. పది రోజుల పాటు మానిటర్ వేసిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయమన్నాను: ఎన్ని గంటలకు వేశావు, అంతకు ముందు ఎంతసేపు ఆపి ఉంది, ఎన్నిసార్లు నొక్కితే నిలిచింది, ఆరిపోయినప్పుడు పవర్ దీపం ఏ రంగులో ఉంది. ఇంకొక షరతు కూడా పెట్టాను. రోజుకు ఒక్క మార్పే చేయాలి. ఒకరోజు ప్లగ్గు వేరే సాకెట్లో పెట్టు, ఇంకోరోజు కేబుల్ మార్చు, మరోరోజు మానిటర్‌ను తమ్ముడి కంప్యూటర్‌కు తగిలించు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు.

పది రోజులకు పుస్తకం మాట్లాడింది. రాత్రంతా ఆపి ఉంచితే పొద్దున ఏడెనిమిది సార్లు నొక్కాలి. అరగంట కరెంటు పోయి వస్తే ఒక్కసారికే వెలుగుతుంది. మధ్యాహ్నం మూడు గంటలు ఆపి ఉంచితే రెండు మూడు సార్లు. సాకెట్ మార్చినా, కేబుల్ మార్చినా, కంప్యూటర్ మార్చినా తేడా లేదు. తెర నల్లబడ్డాక కూడా పవర్ దీపం ఆకుపచ్చగానే వెలుగుతోంది.

అంటే లోపం మానిటర్ లోపలే ఉంది. పైగా దానికి గడియారంతో పని లేదు, చలితో పని ఉంది. మానిటర్ ఎంతసేపు చల్లారితే అంతగా మొరాయిస్తోంది. షాపువాళ్లకు ఎందుకు దొరకలేదో కూడా దీంతో తేలిపోయింది. ఆమె పొద్దున్నే కుస్తీ పట్టి మానిటర్ వెలిగించుకుని, చదువు ముగించుకుని, మిట్టమధ్యాహ్నం ఆటోలో షాపుకు పట్టుకెళ్లేది. వాళ్ల చేతికి అది చేరేది వెచ్చగానే.

కేబుల్ మీద ఒక మాట చెప్పి ముందుకు పోదాం. తప్పు కేబుల్లో ఉంటే లక్షణాలు వేరుగా ఉంటాయి. పాత వీజీఏ కేబుల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు వేరు వేరు తీగలు. నీలం తీగ వదులైతే తెర పసుపు పచ్చగా మారుతుంది. ఆకుపచ్చ పోతే వంగపండు ఛాయ, ఎరుపు పోతే నీలి ఆకుపచ్చ ఛాయ. ఏ రంగు లేదో చూస్తే ఏ తీగ తెగిందో తెలిసిపోతుంది.

టార్చిలైటు పరీక్ష

తెర నల్లబడింది అన్న మాటకు రెండు అర్థాలు ఉండొచ్చు. బొమ్మే పోయి ఉండొచ్చు, లేదా బొమ్మ ఉండి వెలుతురు పోయి ఉండొచ్చు. ఎల్‌సీడీలో ఈ రెండూ వేరు వేరు పనులు. ద్రవ స్ఫటికాల పలకకు సొంత వెలుగు లేదు. వెనక నుంచి వచ్చే వెలుతురును ఎక్కడ ఎంత వదలాలో, ఎక్కడ ఆపాలో మాత్రమే అది చూసుకుంటుంది. లక్షల చిన్న చిన్న కిటికీ రెక్కలు వరుసగా అమర్చినట్టు అనుకోండి. వెనక గదిలో దీపం ఆరిపోతే రెక్కలు తెరిచి ఉన్నా ముందున్నవాడికి చీకటే.

తేల్చుకోవడం తేలిక. గది చీకటి చేసి, తెర ఆరిపోయాక టార్చిలైటును దగ్గరగా, ఏటవాలుగా వేసి చూడాలి. ఆ రాత్రి మా మేనకోడలు ఫోన్లో ఉత్సాహంగా చెప్పింది: "మావయ్యా, బొమ్మ ఉంది! మసకగా ఫోల్డర్లన్నీ కనిపిస్తున్నాయి." అంటే కంప్యూటర్, కేబుల్, బొమ్మను నడిపే బోర్డు, స్ఫటికాల పలక అన్నీ నిర్దోషులే. ఆరిపోయింది వెనక దీపం ఒక్కటే. స్క్రూడ్రైవర్ ముట్టకుండానే ముప్పావు వంతు మానిటర్‌ను అనుమానితుల జాబితా నుంచి తీసేశాం.

ఆ కాలపు మానిటర్లలో వెనక దీపాలంటే పెన్సిల్ కన్నా సన్నటి ఫ్లోరోసెంట్ గొట్టాలు. ఒక్కొక్క దాంట్లో కొద్ది మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. వీటిని వెలిగించడానికి ఇన్వర్టర్ సర్క్యూట్ వెయ్యి వోల్టులకు పైగా పుట్టిస్తుంది. వెలిగాక కొన్ని వందల వోల్టులు చాలు. ఆ కరెంటు సెకనుకు పదుల వేల సార్లు దిశ మార్చుకుంటుంది. ఇంత వోల్టేజీ ఉన్నచోట కాపలా తప్పనిసరి. గొట్టంలో కరెంటు సరిగా పారకపోయినా, సరఫరా వోల్టేజీ కుంగినా కంట్రోల్ చిప్ సెకను, రెండు సెకన్లలో దీపాలను ఆపేస్తుంది. మా మేనకోడలు లెక్కపెట్టిన రెండు సెకన్లు అవే. ఆరిపోవడం చిప్ చేస్తున్న తప్పు కాదు. అది తన కాపలా పని చేస్తోంది. దానికి కనిపిస్తున్న ఆపద ఏమిటన్నదే ప్రశ్న.

డబ్బాలో ఏముంది

సంక్రాంతికి వెళ్లినప్పుడు మానిటర్ విప్పాను. ఇక్కడ చదువరులకు ఒక హెచ్చరిక. మన గోడ సాకెట్లోని 230 వోల్టుల ఏసీని మానిటర్ ముందుగా సుమారు 325 వోల్టుల డీసీగా మార్చి ఒక పెద్ద కెపాసిటర్లో నింపుకుంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా ఆ కెపాసిటర్లో ప్రాణం తీయగల విద్యుత్తు మిగిలి ఉండొచ్చు. నేను ప్లగ్గు తీసి చాలాసేపు ఆగి, మీటర్ పెట్టి కొలిచి, మిగిలినదాన్ని రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మళ్లీ కొలిచాకే చేయి పెట్టాను. ఈ పని నేర్చుకోనివారు వెనక మూత తీయకూడదు. నోటు పుస్తకం, టార్చిలైటు మాత్రం ఎవరైనా వాడొచ్చు.

పవర్ బోర్డు మీద అల్యూమినియం హీట్‌సింక్ పక్కన ఒకే వరుసలో మూడు కెపాసిటర్లు. ఒక్కొక్కటి 1000 మైక్రోఫ్యారడ్లు, 25 వోల్టులు. రెండింటి నెత్తి కొద్దిగా ఉబ్బింది. మూడోది చూడ్డానికి చదునుగానే ఉంది. బోర్డుకు ఇంకో మూల, చల్లగా ఉండే చోట అదే కంపెనీ, అదే రకం కెపాసిటర్ ఇంకొకటి చెక్కుచెదరకుండా ఉంది. ఒకే వయసు, ఒకే పుట్టుక. కాపురం చేసిన చోటు మాత్రమే వేరు.

ఈ కెపాసిటర్ నిర్మాణం చూస్తే దాని జబ్బు అర్థమవుతుంది. రెండు అల్యూమినియం రేకులు, వాటి మధ్య ఎలక్ట్రోలైట్ ద్రవంలో నానిన కాగితం. మూడింటినీ చాపలా చుట్టి చిన్న డబ్బాలో పెట్టి అడుగున రబ్బరు బిరడా బిగిస్తారు. ఒక రేకు మీద అల్యూమినియం ఆక్సైడు పొర ఉంటుంది. దాని మందం కొన్ని పదుల నానోమీటర్లు, అంటే తల వెంట్రుకలో వెయ్యో వంతు కన్నా తక్కువ. విద్యుత్తును ఆపి నిల్వ పెట్టేది ఆ పొరే. పొర ఎంత పల్చనైతే కెపాసిటర్ అంత ఎక్కువ నింపుకుంటుంది. డబ్బా నెత్తి మీద కత్తిగాటులా గీతలు ఉంటాయి. లోపల వాయువు పెరిగితే డబ్బా పేలకుండా ఆ గీతల దగ్గర మెల్లగా ఉబ్బి చిట్లడానికే అవి.

దీని పని మన ఇంటి మీది నీళ్ల ట్యాంకు పనిలాంటిది. మోటారు వేసినప్పుడే నీళ్లు ఎక్కుతాయి, కుళాయి ఎప్పుడు తిప్పినా ధార సమంగా రావాలి. పవర్ బోర్డు సెకనుకు పదుల వేల విడతలుగా కరెంటు పంపుతుంది. విడతకూ విడతకూ మధ్య ఖాళీని కెపాసిటర్ పూడ్చి, దీపాలకు నిలకడైన వోల్టేజీ ఇస్తుంది.

ట్యాంకు నిండుగా ఉండి కూడా ధార రాకపోవచ్చు, పైపులో గార కట్టితే. కెపాసిటర్‌కూ అంతే. ఎలక్ట్రోలైట్ ఎండేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది. మెకానిక్కులు దాన్ని ఈఎస్సార్ అంటారు. కొత్త కెపాసిటర్లో అది ఓములో ఐదు వందో వంతులు ఉందనుకుందాం. ఒక ఆంపియర్ పారితే వోల్టేజీ ఊగేది 0.05 వోల్టులు, ఎవరికీ తెలియనంత. అదే నిరోధం 2 ఓములైతే ఊగిసలాట 2 వోల్టులు. దీపం వెలిగించే క్షణంలో ఇన్వర్టర్‌కు కరెంటు ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే వోల్టేజీ కుంగుతుంది, కాపలా చిప్ దీపాలు ఆపేస్తుంది.

ఫ్రిజ్‌లో కెపాసిటర్

ఇంతవరకూ బాగుంది. మరి చలికీ దీనికీ సంబంధం ఏమిటి? మా మేనకోడలికి మాటలతో చెప్పే కన్నా చూపిద్దామనిపించింది. ఉబ్బిన కెపాసిటర్‌ను బోర్డు నుంచి ఊడదీసి ఈఎస్సార్ మీటర్‌తో కొలిచాం. గది వేడిమిలోనే రెండు ఓములు దాటింది. తర్వాత దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి అరగంట ఆగాం. తీయగానే కొలిస్తే అంకె రెండింతలు దాటింది. అరచేతిలో మూసి పట్టుకుంటే మెల్లగా దిగుతూ వచ్చింది. వెచ్చని పిడికిలిలో రోగం తగ్గుతోంది, తెరిస్తే తిరగబెడుతోంది. కొత్త కెపాసిటర్‌కు అదే పరీక్ష పెడితే అంకె పెద్దగా కదల్లేదు.

చలికాలం కొబ్బరినూనె సీసాలో చిక్కబడినట్టే ఎలక్ట్రోలైట్ కూడా చల్లదనానికి చిక్కబడుతుంది. విద్యుత్తును మోసే అయాన్లు అందులో మెల్లగా కదులుతాయి, నిరోధం పెరుగుతుంది. ద్రవం నిండుగా ఉన్న కెపాసిటర్ దీన్ని తట్టుకుంటుంది. సగం ఎండినది డిసెంబరు తెల్లవారుజామున చేతులెత్తేస్తుంది.

మరి ఏడెనిమిది సార్లు నొక్కితే ఎందుకు నిలిచేది? స్విచ్ వేసిన ప్రతిసారీ ఆ రెండు సెకన్లు కెపాసిటర్ గుండా కరెంటు పారుతుంది. నిరోధం ఉన్నచోట కరెంటు పారితే వేడి పుడుతుంది. ఆ వేడికి ద్రవం కొద్దిగా పల్చబడుతుంది, నిరోధం కొద్దిగా దిగుతుంది. ఎనిమిదో విడతకు కాపలా చిప్ ఒప్పుకునేంతగా దిగుతుంది. కెపాసిటర్ తన జ్వరంతో తానే కాసేపు కోలుకుంటోంది. కానీ ఆ వేడే మిగిలిన ద్రవాన్ని కూడా ఎండగొడుతుంది. అందుకే నవంబరులో రెండుసార్లు నొక్కితే నిలిచినది డిసెంబరులో ఎనిమిది సార్లు అడిగింది.

పది డిగ్రీల లెక్క

ఒకే రకం కెపాసిటర్లలో హీట్‌సింక్ పక్కనున్నవే ఎందుకు చెడ్డాయి? 1889లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అరీనియస్ రసాయన చర్యల వేగం వేడిమితో ఎలా పెరుగుతుందో ఒక సూత్రంలో చెప్పాడు. దాని నుంచి ఇంజినీర్లు కెపాసిటర్ల కోసం వాడుకునే మోటు లెక్క ఒకటి ఉంది: 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు, 10 డిగ్రీలు పెరిగితే సగం.

డబ్బా మీద 105 డిగ్రీలు అని ఉంటుంది. ఆ వేడిమిలో 2000 గంటలు పని చేస్తుందని తయారీదారు హామీ ఇచ్చాడనుకుందాం. 95 డిగ్రీల్లో అది 4000 గంటలు, 85లో 8000, 75లో 16,000, 65లో 32,000. రోజుకు 8 గంటలు వాడితే 65 డిగ్రీల చోట ఉన్నది దాదాపు 11 ఏళ్లు బతుకుతుంది. 85 డిగ్రీల చోట ఉన్నదానికి మూడేళ్లు కూడా నిండవు. మధ్య దూరం బోర్డు మీద రెండు అంగుళాలు ఉండొచ్చు. భాగాలను ఎక్కడ పెట్టాలో గీసినవాడు ఆ రెండు అంగుళాలతోనే మానిటర్ ఆయుష్షు రాసేశాడు.

దీనికి తోడు ఆ తరం వస్తువులను ఇంకో పీడ వెంటాడింది. 1999 తర్వాత కొన్నేళ్ల పాటు కొందరు తయారీదారుల కెపాసిటర్లలో ఎలక్ట్రోలైట్ పాళ్లు సరిగా కుదరలేదు. నీటి పాలు ఎక్కువగా ఉన్న ఆ ద్రవం అల్యూమినియాన్ని తిని హైడ్రోజన్ వాయువు పుట్టించేది. లోకమంతటా కంప్యూటర్ బోర్డుల మీద డబ్బాలు ఉబ్బి చిట్లాయి.

కొత్త కెపాసిటర్లు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరికాయి. మొత్తం ఖర్చు పదుల రూపాయల్లోనే. కొనేటప్పుడు చూసుకోవలసినవి నాలుగు: అదే మైక్రోఫ్యారడ్ విలువ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల రకం, లో ఈఎస్సార్ అని చెప్పి తీసుకున్న సరుకు. చదునుగా ఉన్న మూడోదాన్ని కూడా మార్చాను, ఎందుకంటే నెత్తి ఉబ్బకపోయినా లోపల ఎండి ఉండొచ్చు. మీటర్ పెడితే దాని ఈఎస్సార్ కూడా ఎక్కువే చూపింది. బిగించేటప్పుడు డబ్బా మీది చార మైనస్ వైపు రావాలి. తిరగేసి పెడితే ఆక్సైడు పొర కరిగిపోయి డబ్బా పేలుతుంది.

మర్నాడు పొద్దున ఒక్క నొక్కుకే మానిటర్ వెలిగింది.

మూడు వారాల తర్వాత

ఫిబ్రవరిలో మళ్లీ ఫోన్. "మావయ్యా, ఇప్పుడు పొద్దున బాగానే ఉంటోంది. రెండు గంటలు నడిచాక ఆరిపోతోంది. పక్కన మెల్లగా తడితే వస్తోంది."

పాత జబ్బు తిరగబెట్టిందని ఆమె భయం. నోటు పుస్తకం చూస్తే కాదని తెలుస్తుంది. అప్పుడు చల్లగా ఉంటే ఆరిపోయేది, ఇప్పుడు వేడెక్కితే ఆరిపోతోంది. పైగా తడితే వస్తోంది. ఎండిన కెపాసిటర్‌ను తట్టినంత మాత్రాన అందులో ద్రవం ఊరదు. తడితే మారేది లూజ్ కాంటాక్ట్ మాత్రమే.

పాత డబ్బా టీవీల రోజుల్లో ఇంటింటా పెద్దవాళ్లు చేసిన పరీక్ష ఇదే. బొమ్మ పోతే లేచి వెళ్లి టీవీ నెత్తిన చరిచేవారు, బొమ్మ వచ్చేది. ఎక్కడో ఒక అతుకు విడిపోయిందని ఆ దెబ్బ చెప్పేది. అది చెప్పినదాన్ని విని ఆ అతుకును వెతికినవాళ్లు తక్కువ.

బోర్డును దీపం కింద భూతద్దంతో చూశాను. ఇన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలు ఒకదాని చుట్టూ సోల్డర్ మీద వెంట్రుకంత సన్నటి ఉంగరం ఉంది. అది డ్రై సోల్డర్, పగిలిన అతుకు.

బోర్డు, రాగి, సోల్డర్, ట్రాన్స్‌ఫార్మర్ వేడికి తలా ఒక తీరున పెరుగుతాయి. 25 మిల్లీమీటర్ల భాగం 40 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. డిగ్రీకి పది లక్షలలో పది వంతుల తేడా ఉంటే పెరుగుదలలో వచ్చే తేడా మిల్లీమీటరులో వందో వంతు. అది పెద్ద లెక్క కాదు. కానీ మానిటర్ వేసి ఆపిన ప్రతిసారీ ఆ వందో వంతు ఒకసారి లాగి, ఒకసారి వదులుతుంది. ఏడేళ్లలో ఇలా రెండున్నర వేల సార్లకు పైగా. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎలా తెగుతుందో సోల్డర్ కూడా అలాగే అలిసి చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ చీలిక అంచులు తాకి ఉంటాయి. వేడికి బోర్డు కదిలితే విడిపోతాయి.

పాత తగరం, సీసం మిశ్రమం 183 డిగ్రీల్లో కరుగుతుంది. 2006 జులై 1 నుంచి యూరప్ సీసాన్ని కట్టడి చేయడంతో వాడుకలోకి వచ్చిన సీసం లేని సోల్డర్‌కు 217 డిగ్రీలు కావాలి. ఐరన్‌ను అందుకు తగ్గట్టు వేడి చేసి, ఫ్లక్స్ పూసి, పాత సోల్డర్‌ను విక్‌తో తీసి కొత్తది పోశాను. పగుళ్ల మీద పైపైన సోల్డర్ పూస్తే కొన్నాళ్లకు మళ్లీ విడిపోతుంది. కాలికీ రాగికీ రెండింటికీ సోల్డర్ తడిలా అంటుకుని, అంచు ఏటవాలుగా రావాలి.

ఇప్పటి మానిటర్లలో వెనక దీపాలు ఎల్‌ఈడీలే. పాదరసం లేదు, వెయ్యి వోల్టులూ లేవు. అయినా ఎల్‌ఈడీలు దండలో పువ్వుల్లా వరుసగా కట్టి ఉంటాయి. ఒకదాని లోపలి సన్నటి తీగ వేడికి విడిపోతే దండంతా ఆరుతుంది, చల్లారితే తిరిగి వెలుగుతుంది. భాగాలు మారాయి గానీ వాటిని అడగవలసిన ప్రశ్న అదే.

మా మేనకోడలి మానిటర్ లోపల తప్పులు రెండు, రెండింటికీ పైకి కనిపించే రూపం ఒక్కటే: నల్లబడిన తెర. కంటికి ఒకేలా కనిపించిన ఆ రెండింటినీ వేరు చేసింది నా చేతిలోని మీటర్ కాదు. పద్దెనిమిదేళ్ల పిల్ల ఓపికగా రాసిపెట్టిన వేళలు. ఆ కాగితం షాపుకు మానిటర్‌తో పాటు వెళ్లి ఉంటే, రాత్రంతా ఆపి ఉంచి పొద్దున్నే వేసి చూడండి అని ఒక్క ముక్క రాసి ఉంటే, మెకానిక్కే మొదటిరోజు పట్టుకునేవాడు. లోపం ఎప్పుడు వస్తుందో చెప్పగలిగేది దానితో రోజూ బతికేవాళ్లే.

ఊడదీసిన మూడు కెపాసిటర్లనూ ఆమె ఆ పుస్తకం చివరి పేజీకి టేపుతో అంటించింది. వాటి కింద మరుసటి డిసెంబరులో రాసిన ఒక వరుస ఉంది: ఉదయం 5.40. రాత్రంతా ఆపి ఉంది. ఒక్కసారికే వెలిగింది.